తాడు పట్టుకోకుండా షాంటీ రాదు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న ప్రశ్నకి జవాబు రాశాను. విశాఖలో ఒక పిల్లల క్వయర్ పాత ఓడపాటలు, అంటే ఇంగ్లీషులో సీ షాంటీలు అంటారే అవి, నేర్చుకుంటోందని, ఏవి పాడితే బాగుంటుందని ఆ క్వయర్ టీచర్ అడిగారు. నేను నాలుగు ముక్కలు రాసి వదిలేశాను. ఇక చూడండి, ఉత్తరాలే ఉత్తరాలు. సముద్రం పక్క ఊరు కదా, ఓడ మాటెత్తితే ఎవరూరుకుంటారు. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. వీణ తీగల గురించి అడిగిన అనకాపల్లి పాఠకుడు క్షమించాలి, వచ్చే నెల మొదటి జవాబు మీదే.

ప్రశ్న: మాస్టారూ, మీరు చెప్పిన పాటలు మొదలుపెట్టాం. మా దగ్గర 11 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 24 మంది. స్వరాలు కరెక్టుగానే వస్తున్నాయి, రెండు గొంతుల హార్మనీ కూడా కుదిరింది. కానీ రికార్డు చేసి వింటే స్కూల్ ప్రేయర్‌లా ఉంది. స్పీడు పెంచితే సినిమా పాటలా ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది? డిసెంబరులో ప్రోగ్రాం, నాకు టెన్షన్‌గా ఉంది.
(క్వయర్ టీచర్, ఎంవీపీ కాలనీ)

జవాబు: టీచర్ గారూ, ముందు పిల్లల చేతులు చూడండి. వెనక్కి కట్టుకుని నుంచున్నారా? ఫైళ్ళు పట్టుకున్నారా? అయితే ప్రేయర్‌లాగే వస్తుంది, ఇంకెలా వస్తుంది. షాంటీ మన దంపుళ్ళ పాట, ఊడుపు పాటల జాతి. రోకలి పడే చోట దెబ్బ పడుతుంది. ఆ రోకలి తీసేసి, దంపుళ్ళ పాటని కళ్ళు మూసుకుని రాగం తీసి పాడితే వడ్లు వడ్లుగానే ఉండిపోతాయి.

19వ శతాబ్దంలో తెరచాప ఓడల మీద, అదీ సరుకు ఓడల మీద, మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఓనర్లు జీతాలు మిగుల్చుకోవాలని ఎంత తక్కువ మందితో నడుస్తుందో అంతమందినే ఎక్కించేవాళ్ళు. తెరచాప, దాన్ని కట్టిన దూలం కలిస్తే బోలెడు బరువు, పెద్ద ఓడైతే టన్నుల్లోనే. పదిమందీ ఒకరు ముందు ఒకరు వెనకగా లాగితే అది అంగుళం కదలదు. అందరి బలం ఒక్క క్షణంలో పడాలి, ఆ క్షణం ఎప్పుడో చెప్పడానికే పాట. ఒకడు లైను అందిస్తాడు, వాడే షాంటీమ్యాన్. వాడు పాడుతున్నంతసేపూ మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుని, చేతులు తాడు మీద ముందుకు జరుపుకుంటారు. కోరస్ అందుకోగానే లాగుతారు, లైనుకి రెండుసార్లు. అంటే కోరస్‌లో రెండు మాటల మీద ఒళ్ళంతా వెనక్కి పడాలి. ఆ రెండు మాటలు ఏవో మీ పిల్లలకి తెలుసా? అడిగి చూడండి.

ఇది చాప ఎత్తే పాట సంగతి. చాప మూల తాడు ఇంకాస్త బిగించడానికి పాడే పొట్టి పాటలు వేరు, వాటిలో చివరి మాట మీద ఒక్కటే గుంజుడు, అరిచినట్టుగా. లంగరు ఎత్తే పాటలు మరీ వేరు. ఓడ మీద గానుగలాంటిది ఒకటి నిలబెట్టి ఉంటుంది, కాప్‌స్టన్ అంటారు. దానికి చుట్టూరా కర్రలు గుచ్చి, ఎద్దుల బదులు మనుషులు ఆ కర్రలు తోసుకుంటూ గుండ్రంగా నడుస్తారు, వాళ్ళు నడుస్తుంటే లంగరు పైకి వస్తుంది. అక్కడ గుంజుడు లేదు, నడకే, ఒక్కోసారి గంటలకొద్దీ నడక. అందుకే వాటికి పొడుగాటి కోరస్‌లు, మంచి మంచి ట్యూన్లు. మీ హార్మనీ అంతా అక్కడ పెట్టుకోండి. ఇంకా పంపు పాటలున్నాయి. చెక్క ఓడకి నీళ్ళు ఊరడం ఆగదు, రోజూ తోడి పొయ్యాల్సిందే, మన వీధి బోరింగు కొట్టినట్టే ఉంటుంది ఆ ఊపు. మీరు వీటన్నిటినీ ఒకే నడకలో పాడిస్తున్నారని నా అనుమానం. స్పీడు పెంచడం మందు కాదు. చాప ఎత్తే పాట స్పీడుగా పాడితే లాగేవాడికి ఊపిరి తీసుకునే టైమ్ ఏదీ?

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఓల్డ్ టౌన్‌లో కుర్రాళ్ళకి రెండు షాంటీలు నేర్పి, ముచ్చటగా నాలుగు గొంతుల్లో పాడించి, మా నాన్నని పిలిచి వినిపించాను. ఆయన పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యారు, ఇంగ్లీషు రాదు. మొత్తం విని, ‘బాగానే ఉందిరా, ఇంతకీ ఓడ కదిలిందా?’ అన్నారు. అప్పుడు కోపం వచ్చింది, ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు.

మర్నాడు ఆయనే ఉపాయం చెప్పారు, అదే మీకు చెప్తున్నా. ఫిషింగ్ హార్బర్ వైపు వలలు, తాళ్ళు అమ్మే షాపుల్లో బొటనవేలి కన్నా లావుండే మోకు ఒక పన్నెండు మీటర్లు కొనండి. పాత బావి గిలక సంపాదించి, గట్టి దూలానికి వేలాడదీసి, ఒక కొసకి ఇసుక బస్తా కట్టండి. రెండో కొస ఆరుగురు పిల్లలకి ఇవ్వండి. పెద్దవాళ్ళు ఎవరైనా పక్కనుండి, బస్తా కింద ఎవరూ నిలబడకుండా చూడాలి, తాడు చేతికి చుట్టుకోవద్దని పదిసార్లు చెప్పాలి. ఇప్పుడు పాడించండి. మొదటి రెండు సార్లు గందరగోళం. మూడోసారికి కోరస్ దానంతటదే బరువెక్కుతుంది, ఎవరూ చెప్పకుండానే పిల్లలు సరైన చోట ఊపిరి తీస్తారు. వారం అయ్యాక తాడు తీసేసినా ఒంట్లో ఉండిపోతుంది. నన్నడిగితే స్టేజి మీద కూడా తాడు ఉంచేయండి.

ఇంకో మాట. పెద జాలారిపేట గానీ, జోడుగుళ్ళపాలెం గానీ, కాస్త ఓపికుంటే భీమిలి గానీ, తెల్లవారుజామున పిల్లల్ని తీసుకెళ్ళి పెద్ద వల లాగడం చూపించండి. వల ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవలో సముద్రంలోకి వెళ్ళి అర్ధచంద్రంలా వదులుకుంటూ వచ్చి, రెండో కొస ఇంకాస్త దూరంలో ఒడ్డుకి చేరుస్తారు. ఆపైన రెండు గుంపులు రెండు తాళ్ళూ పట్టుకుని వెనక్కి వాలి లాగుతారు. ఎవరో ఒకరు అందిస్తారు, మిగతావాళ్ళు హైలెస్సా అంటారు. ఆ ‘లెస్’ దగ్గర మడమలు ఇసకలో ఎంత లోతుకి దిగుతున్నాయో చూడమనండి. చూడ్డానికి వెళ్ళినవాళ్ళని తాడు పట్టుకోమని వాళ్ళే పిలుస్తారు, బెట్టు చెయ్యకుండా పట్టుకోండి.

ప్రశ్న: అయ్యా, పోయిన నెల మీరు షాంటీలు ‘నేవీ పాటలు’ అని రాశారు. నేను నేవీలో పనిచేసి రిటైరయినవాణ్ణి. మేం ఎప్పుడూ ఇలాంటివి పాడలేదు. ఎక్కడ చూశారు మీరు?
(మల్కాపురం పాఠకుడు)

జవాబు: తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. తొందరలో రాశాను. మీరే కాదు, పాత బ్రిటిష్ నేవీ వాళ్ళు కూడా పనిలో ఇవి పాడలేదు, పాడనిచ్చేవాళ్ళు కాదు. యుద్ధనౌక మీద ఆర్డరు వినపడాలి కాబట్టి పని నిశ్శబ్దంగా జరగాలి. లంగరు ఎత్తేటప్పుడు మహా అయితే ఒకడు ఫిడేలో పిల్లనగ్రోవో వాయించేవాడు. అసలు వాళ్ళకి పాట అవసరమూ లేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధానికి వెళ్ళిన విక్టరీ అనే ఓడ మీద 800 మందికి పైగా ఉన్నారు. అదే కటీ సార్క్ లాంటి పేరుమోసిన టీ ఓడని ముప్ఫై మంది అటూ ఇటూగా నడిపేశారు. ముప్ఫై మందితో అన్ని చాపలు ఎత్తాలంటే పాట పాడక చస్తారా? మీకు బోసన్ (డెక్కు మీద పని చేయించే మేస్త్రీ) ఈల గుర్తుండే ఉంటుంది, నేవీ దగ్గర ఉన్నది అదీ. డిసెంబరు 4 నేవీ డే సందర్భంగా ఎవరైనా పిల్లల చేత షాంటీలు పాడిస్తే నిక్షేపంగా పాడించొచ్చు, ఇవి సరుకు ఓడల కూలీల పాటలని ఒక ముక్క ముందు చెప్తే సరిపోతుంది.

ప్రశ్న: సార్, నేను నైన్త్ క్లాస్ అమ్మాయిని, ఆ క్వయర్‌లోనే ఉన్నాను. నాకు రెండు డౌట్లు. ఒకటి, వెల్లర్‌మ్యాన్ పాట షాంటీ కాదని మా కజిన్ అంటున్నాడు, నిజమా? రెండు, నేను షాంటీమ్యాన్ పార్ట్ పాడతానంటే అబ్బాయిలు నవ్వుతున్నారు, మ్యాన్ అని పేర్లోనే ఉంది కదా అంటున్నారు.

జవాబు: మీ కజిన్ చెప్పింది కరెక్టే తల్లీ, కానీ వాడికి మరీ పొంగిపోయే ఛాన్స్ ఇవ్వకు. 2021 జనవరిలో స్కాట్లండ్‌కి చెందిన నేథన్ ఎవాన్స్ అనే పోస్ట్‌మ్యాన్ ఫోన్లో పాడి పెట్టిన ఆ పాట ప్రపంచమంతా పాకింది, షాంటీ అన్న మాట మన పిల్లలకి తెలిసిందే దానితో. కానీ అది న్యూజిలాండ్‌లో తిమింగలాల వేటగాళ్ళ కథాగానం. పని చేస్తూ కాదు, పని అయ్యాక కూర్చుని పాడుకునే రకం. వెల్లర్ అన్నదమ్ములు సిడ్నీ వ్యాపారులు, 1831లో న్యూజిలాండ్‌లోని ఒటాగోలో వేట స్థావరం పెట్టారు. వాళ్ళ మనిషి చక్కెర, టీ, రమ్ము ఓడలో తెస్తాడని వేటగాళ్ళు ఎదురుచూడటం ఆ పాటలో సంగతి. అందులో ‘టంగింగ్’ అన్న మాటకి నాలుకతో పని లేదు, చంపిన తిమింగలం కొవ్వుని పట్టీలు పట్టీలుగా కోయడం. అర్థం తెలిశాక మీలో కొందరికి పాడాలనిపించకపోవచ్చు, అది మీ ఇష్టం, నేను మాత్రం తెలుసుకుని పాడటమే నయం అంటాను.

ఇక రెండోది. పాట అందించేవాడికి కావలసింది మూడే: పదిమందికి వినపడే గొంతు, ఊపు తప్పని లయ, లైను మర్చిపోతే అప్పటికప్పుడు ఇంకోటి కట్టే తెలివి. నవ్విన అబ్బాయిల్ని ఒకసారి ఇసుక బస్తా దగ్గర నిలబెట్టి నువ్వు అందించు. లాగడంలో ఉన్నవాడికి నవ్వడానికి ఊపిరి మిగలదు.

ప్రశ్న: మా మనవడు ఇంట్లో తెల్లారి లేస్తే తాగుబోతు నావికుడి పాట పాడుతున్నాడు. పిల్లలకి నేర్పాల్సిన పాటలేనా ఇవి? అన్నమయ్య లేడా, రామదాసు లేడా?
(ఒక అమ్మమ్మ, సీతమ్మధార)

జవాబు: అమ్మా, అన్నమయ్య ఎక్కడికీ పోడు. మీ మనవడు పాడే పాట చాలా పాతది. 1839లో అమెరికా నుంచి బయల్దేరిన తిమింగలాల వేట ఓడ మీద దాన్ని విన్నానని ఒక ప్రయాణికుడు రాశాడు. తాగి పడిపోయిన నావికుణ్ణి పొద్దున్నే ఏం చేద్దామని ఒకరినొకరు అడుక్కుంటూ, డెక్కు మీద దబదబా అడుగులేస్తూ తాడు పట్టుకుని పరిగెత్తే పాట. తాగినవాడికి అందులో మర్యాద ఏమీ జరగదు, అన్నీ శిక్షలే, కాబట్టి నీతికి ఢోకా లేదు.

మీ భయంలో నిజం లేకపోలేదు. అసలు షాంటీల్లో సగం మీ ముందు చదవడానికి కూడా పనికిరావు. నెలల తరబడి నడిసముద్రంలో ఉన్న మగాళ్ళు పాడుకున్నవి, ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. స్టాన్ హ్యూగిల్ (1906–1992) అని, స్వయంగా ఓడల మీద ఈ పాటలు అందించినవాడు, 1961లో పెద్ద పుస్తకం వేసినప్పుడు వాటిని చాలావరకు కడిగి, ఆరబెట్టి మరీ అచ్చేశాడు. కొన్నింటిలో నల్లవాళ్ళని కించపరిచే మాటలున్నాయి, అవి నేర్పకూడదు, మాటలు మార్చినా నేర్పకూడదు, ఇంకా వందల పాటలుండగా వాటి అవసరమేంటి. రమ్ము అన్న ఒక్క మాటకి మాత్రం బెంగ పెట్టుకోకండి. బ్రిటిష్ నేవీలో రోజూ ఇచ్చే రమ్ము రేషన్ 1970 జూలై 31 దాకా నడిచింది, అంటే అదీ చరిత్ర పాఠమే.

ప్రశ్న: ఎంత చెప్పినా ఇవి తెల్లవాళ్ళ పాటలు. వైజాగ్ పిల్లల నోట ఎందుకండీ? ఎవరో వెళ్ళిపోయాక వాళ్ళ బట్టలు తొడుక్కున్నట్టుంది.
(బ్యాంకు ఉద్యోగి, గోపాలపట్నం)

జవాబు: ఈ ఉత్తరం చదివి ఒక పూట ఆలోచించాను, ఎందుకంటే మీరన్నది కొంత నాకూ అనిపించేది. కానీ ‘తెల్లవాళ్ళ పాటలు’ అన్న చోటే లెక్క తప్పుతోంది. అమెరికా దక్షిణ తీరంలో మొబీల్, న్యూ ఆర్లీన్స్ రేవుల్లో పత్తి బేళ్ళని ఓడ అడుగున స్క్రూ జాకీలతో కుక్కే పని ఉండేది. ఆ పనిలో ఆఫ్రికన్ అమెరికన్ కూలీలు ఒకరు అందిస్తే మిగతావాళ్ళు అందుకునే పాటలు పాడేవాళ్ళు. చలికాలంలో సముద్రం మీద పని వద్దనుకున్న ఐరిష్, ఇంగ్లీషు నావికులు అదే రేవుల్లో పత్తి పనికి దిగేవాళ్ళు, ఆ ఊపు అక్కడ అంటించుకున్నారు. కరీబియన్ దీవుల పడవ పాటలూ వచ్చి కలిశాయి. ఐరిష్ ట్యూను, ఆఫ్రికా నుంచి వచ్చిన సవాలు జవాబు పద్ధతి, ఇంగ్లీషు మాటలు, ఇదీ షాంటీ. దీనికి ఒక్క ఓనరు లేడు.

మనవాళ్ళు ఆ ఓడల మీద లేరని కూడా అనుకోకండి. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన మన ఉపఖండం నావికుల్ని లాస్కర్లు అనేవాళ్ళు, 1914 నాటికి 50 వేల మందికి పైగానే ఉన్నారు. ఆ మాట పర్షియన్ లష్కర్ నుంచి వచ్చింది. మన కాలవల మీద లాకులు ఎత్తే ఇరిగేషన్ లస్కరు ఉంటాడే, అదీ ఈ మాటే, ఓడ దిగి కాలవ గట్టు ఎక్కింది. ఓడ మీది లాస్కర్ల మేస్త్రీ సరంగు, అతని కింద తండేలు. ఈ మాటలు మన తీరంలో ఇప్పటికీ బతికే ఉన్నాయి. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టిన ఊరు. అక్కణ్ణుంచి రంగూన్‌కి ఎంతమంది తెలుగువాళ్ళు వెళ్ళారంటే బర్మాలో మనవాళ్ళ పేరే కోరంగీలు అయిపోయింది. ఇందాక అమ్మమ్మ గారికి 1839 అని చెప్పానా, ఆ ఏడాది నవంబరులోనే పెద్ద తుఫాను వచ్చి కోరంగిని ముంచేసింది. అటు ఆ పాట కాగితం మీదకి ఎక్కుతున్న రోజులు, ఇటు మన ఓడలరేవు నీళ్ళ కిందకి పోయిన రోజులు.

వైజాగ్ సంగతికొస్తే, షాంటీలు జోరుగా ఉన్న కాలంలో మనకి హార్బరే లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే పడవల్లో సరుకు మోసేవాళ్ళు. 1869లో సూయజ్ కాలవ తెరిచారు, ఆవిరి ఓడలకి దారి దగ్గరైంది, ఆవిరి యంత్రమే లంగరు ఎత్తడం మొదలుపెట్టాక పాట ఎవరికి కావాలి. హ్యూగిల్ పనిచేసిన గార్త్‌పూల్ అనే తెరచాప సరుకు ఓడ, బ్రిటిష్‌వాళ్ళ చివరి వాటిలో ఒకటి, 1929లో పగిలిపోయింది. మన హార్బర్ తెరిచింది 1933లో. అంటే మన పోర్టు పుట్టేసరికే ఈ పాటకి ఓడ మీద పని అయిపోయింది. మా నాన్న పోర్టులో విన్నవి బరువులెత్తే వించి యంత్రాల రొదలే.

అందుకని బట్టల పోలిక నాకు నచ్చలేదు. నాకైతే గిలక, తాడు గుర్తొస్తాయి, ఎవరు బిగించినా, చేద ఎవరిదైనా, నీళ్ళు వస్తే చాలు.

ప్రశ్న: మా బాబుకి పదమూడు దాటింది. గొంతు మారుతోంది, పాడుతుంటే మధ్యలో కీచుమంటోంది. క్వయర్ మానేయమందామా? ఒక చోట ట్యూషన్ మాస్టారు ‘నువ్వు పెదాలు ఆడించు చాలు’ అన్నారట, అప్పట్నుంచి వాడు మాట్లాడ్డం కూడా తగ్గించేశాడు.
(గాజువాక)

జవాబు: మానిపించకండి. పెదాలు ఆడించమనడం నాకు నచ్చని సలహా, అది ఎవరిచ్చినా సరే. ఈ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడుగూ లావూ అవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. కొందరికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాది పైన. ఈలోపు జారడం, కీచుమనడం మామూలే. పాడొచ్చు, కష్టం లేని నాలుగైదు స్వరాల మధ్యే పాడాలి, పైకి లాక్కోకూడదు, కిందకి నొక్కకూడదు. ఈ విషయంలో షాంటీ దేవుడిచ్చిన వరం, కోరస్ చాలా వాటిలో కొద్దిపాటి స్వరాల్లోనే తిరుగుతుంది. మీ వాడికి ఇబ్బందైన చోట వేరే వరస ఇమ్మని టీచర్‌ని అడగండి. ఒక్కటే ప్రమాదం, షాంటీ అంటే అరవడం అనుకుంటారు. బలం పొట్టలోంచి, నడుములోంచి రావాలి, మెడ నరాలు పొంగితే ఆపేయాలి. మిరియాల పాలు ఇవ్వండి, తాగితే హాయిగానే ఉంటుంది, కానీ దానితో గొంతు మారడం ఆగదు. బొంగురు మూడు వారాలు దాటితే గానీ, నొప్పి ఉంటే గానీ చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: క్వయర్ వీడియో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. పాత పాటలకి కాపీరైట్ ఏంటండీ?

జవాబు: పాటకి లేదు. కానీ ఎవరో ఈ మధ్య కట్టిన హార్మనీ వరసలు మీరు అలాగే పాడితే ఆ అరేంజ్‌మెంట్‌కి ఉంటుంది, మన దేశంలో రాసినవాళ్ళ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. వెనక వేసిన ట్రాక్ ఎవరిదో అయితే దానికీ ఉంటుంది. పాత ట్యూను తీసుకుని హార్మనీ మీరే కట్టుకోండి, ఒక్కోసారి వీడియోలు తనిఖీ చేసే మిషను పొరపాటున కూడా పట్టుకుంటుంది, అప్పుడు అభ్యంతరం పెట్టండి.

ప్రశ్న: ఆ మాటల ఉచ్చారణ పిల్లలకి ఎలా నేర్పాలి? స్పెల్లింగ్ ఒకటి, పలికేది ఒకటి.

జవాబు: ఓడ మాటల్ని ఉన్నదున్నట్టు చదివితే ఓడవాళ్ళు నవ్వుతారు. బోట్‌స్వెయిన్ కాదు బోసన్, ఫోర్‌కాజిల్ కాదు ఫోక్‌సల్, మెయిన్‌సెయిల్ కాదు మెయిన్‌సల్, లీవర్డ్ కాదు లూఅర్డ్. అంతకుమించి ఇంగ్లీషు యాస అనుకరించొద్దని నా మనవి. మన పిల్లలు మన నోటితోనే పాడనీ, రేవుల్లో అన్ని యాసలూ పాడాయి.

ప్రశ్న: మేం కాలేజీ కుర్రాళ్ళం, ఐదుగురం. తెలుగులో మా సొంత షాంటీ ఒకటి కడదామనుకుంటున్నాం. రూల్స్ ఏమైనా ఉన్నాయా?
(పెందుర్తి)

జవాబు: భేషుగ్గా కట్టండి. రూల్స్ పెద్దగా లేవు. అందించే లైను మారుతుంటుంది, కోరస్ మారదు. కోరస్‌లో గుంజే చోట గట్టి అక్షరం పడాలి, ఒత్తు ఉంటే మరీ మంచిది, అందుకే మనవాళ్ళు హైలెస్సా అన్నారు. అందించే లైన్లలో గొప్ప కవిత్వం వద్దు, ఆ రోజు సంగతులు పెట్టండి. పాత షాంటీల్లో కెప్టెన్ పిసినారితనం, కుళ్ళిన తిండి, ఎగ్గొట్టిన జీతం అన్నీ పాటలోనే అనేసేవాళ్ళు. మామూలుగా అంటే తంతారు, పాటలో అంటే పోనిస్తారు. నేను సరదాకి కట్టిన నాలుగు లైన్లు చూడండి:

ఓలప్పా తెల్లారిపోతంది — లాగర హైలెస్సా!
సలిగాలికి సెవులు పోతన్నాయి — లాగర హైలెస్సా!
వలనిండా నెత్తళ్ళొచ్చినాయి — లాగర హైలెస్సా!
సావుకారి లెక్క తేలకుండాది — లాగర హైలెస్సా!

‘లా’ మీద ఒకటి, ‘లెస్’ మీద ఒకటి, రెండు గుంజుళ్ళు. ఐదో లైను నుంచి మీరు అందుకోండి. చివరి లైను అంటూ రాసి పెట్టుకోవద్దు. ఓడ మీద చాప పైకి చేరగానే పై అధికారి ఆపమని అరిచేవాడు, పాట ఏ మాట మీదుంటే ఆ మాట మీదే తెగిపోయేది. చాప ఇంకా ఎక్కకపోతే కొత్త లైన్లు పుట్టించాల్సిందే. కాబట్టి పది లైన్లు అవసరమైతే ముప్ఫై జేబులో ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ క్వయర్‌లో చేరాడు. ప్రోగ్రాంకి ఒక కంటికి నల్ల గుడ్డ, తలకి పుర్రె బొమ్మ రుమాలు, ప్లాస్టిక్ కత్తి కొనమని గొడవ. కొనమంటారా?
(మురళీనగర్)

జవాబు: అవి సముద్రపు దొంగల వేషాలు. ఆ దొంగల జోరంతా 1650 నుంచి 1730 దాకా, మనం పాడే షాంటీలు ఆ తర్వాత వంద ఏళ్ళకి సరుకు ఓడల మీద పాడినవి. పాడింది కూలి మనుషులు. పాత చొక్కా మోచేతుల దాకా మడిచి, ప్యాంటు కాస్త పైకి మడిస్తే చాలు, ఖర్చు లేదు. అయినా పిల్లాడు మరీ ఏడిస్తే రుమాలు కొనిపెట్టండి, కంటికి గుడ్డ వద్దు, టీచర్ చెయ్యి కనపడదు. కత్తి మాత్రం ఇంట్లోనే ఉంచండి, ప్లాస్టిక్‌దైనా సరే, తాడు లాగేటప్పుడు పక్కవాడి మోచేతికి తగులుతుంది.